సముద్రం దాటే సొమ్ము

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కావలి మొదలుకుని తడ దాకా మన తీరం పొడుగునా ఏ ఊళ్ళో ఆగి నాలుగు గడపలు తొక్కినా, ఒక గడపలో కువైట్ మాట వినబడుతుంది, పక్క గడపలో అమెరికా మాట వినబడుతుంది. పల్లెల్లోంచి వంటపనికీ, పిల్లల్ని ఆడించే పనికీ వెళ్ళిన ఆడవాళ్ళు కొందరు. టౌనులో ఇంజనీరింగు చదివి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ పిల్లలు కొందరు. మనుషులు వెళ్ళాక వాళ్ళ వెనకే డబ్బు కదలక తప్పదు. 2024లో మన దేశానికి ఇలా బయట ఉన్నవాళ్ళు పంపింది సుమారు 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. ప్రపంచంలో మరే దేశానికీ అంత రాలేదు. ఆ కొండంత లెక్కలో మన వాకాడూ, మైపాడూ, కోటా చిట్టి లెక్కలు కూడా ఉన్నాయన్నమాట.

"ఇవన్నీ మగవాళ్ళు చూసుకునే వ్యవహారాలు కదండీ, మాకెందుకు?" అంటారేమో. ఒక్కసారి మీ బీరువాలో కాగితాలు తీసి చూడండి. జాయింటు ఖాతాలో రెండో పేరు మనది. ఇంటి స్థలం పట్టా మన పేరున. సంతకం పెట్టమన్నచోట పెడుతున్నది మనమే. రేపు ఇన్‌కంటాక్సు నోటీసు వచ్చినా మన పేరునే వస్తుంది. అంచేత ఈ పూట వంటల సంగతి పక్కనబెట్టి డబ్బు సంగతి మాట్లాడుకుందాం.

ముందు తేలికైన మాట చెప్పి అవతల పెడతాను. కొడుకో కూతురో అమెరికా నుంచి మనకి డబ్బు పంపితే దానిమీద మనకి పన్ను ఉందా? లేదు. లక్ష అయినా సరే, యాభై లక్షలైనా సరే. మనదేశంలో గిఫ్టు టాక్సు చట్టం 1998 అక్టోబరు నుంచే లేకుండా పోయింది. దగ్గర బంధువు ఇచ్చింది ఆదాయం కిందికి రాదు. ఆ డబ్బు బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ మాత్రం మన ఆదాయమే, దానిమీద పన్ను మామూలే.

అయితే ఈ "దగ్గర బంధువు" అన్న మాట దగ్గర ఒక చమత్కారం ఉంది. చట్టం బంధువుల్ని లెక్కపెట్టే తీరు మన పెళ్ళి పిలుపుల వరస కాదు. భర్త, మన తోబుట్టువులు, భర్త తోబుట్టువులు, మన తల్లిదండ్రుల తోబుట్టువులు, మనకి పైతరాల వాళ్ళు, కింది తరాల వాళ్ళు, భర్త వైపు పైతరాలూ కింది తరాలూ, వీళ్ళందరి భార్యలూ భర్తలూ. ఇంతే జాబితా. కనక అల్లుడు పంపినా బాధ లేదు, కోడలు పంపినా బాధ లేదు. మేనత్త మేనల్లుడికి పది లక్షలిచ్చినా అతనికి పన్ను లేదు, ఆవిడ అతని తండ్రికి తోబుట్టువు కదా. అదే మేనల్లుడు, చిన్నప్పుడు తనని చంకనెత్తుకు పెంచిన మేనత్త కంటి ఆపరేషనుకనో మోకాళ్ళకనో డబ్బు పంపాడనుకోండి. చట్టం పుచ్చుకున్నవాళ్ళ వైపునుంచి చూస్తుంది. తోబుట్టువుల పిల్లలు ఆ జాబితాలో లేరు! ఏడాది మొత్తంమీద అలాంటి సొమ్ము 50 వేలు దాటిందంటే, దాటిన భాగం కాదు, మొత్తం అంతా ఆవిడ ఆదాయమే. వియ్యపురాలు ఇచ్చినా ఇదే గతి. ఈ జాబితా రాసినాయన ఎవరో గానీ మేనత్త చేతి ముద్ద తిని ఉండడు. పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ పెళ్ళి సందర్భంలో వచ్చే చదివింపులకి మాత్రం ఈ వరసల గొడవ లేదు, ఎవరిచ్చినా పన్ను ఉండదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

తీరం పల్లెలోంచి కువైట్ వెళ్ళి తొమ్మిదేళ్ళు ఇంటిపని చేసి వచ్చిన ఒకావిడ నాకు తెలుసు. "ఒక్క దీనారు నా కాడ పెట్టుకోలేదక్కా, అంతా ఇంటికే పంపించినా" అంటుంది. పంపిన మాట నిజం. ఎలా పంపింది? మొదటి ఆరేళ్ళూ హుండీలో. హుండీ అంటే మనకి తిరుపతి వెంకన్న హుండీ గుర్తొస్తుంది గానీ, వ్యాపారస్తుల భాషలో అది డబ్బు బదిలీకి పాత పేరు. హవాలా అని కూడా అంటారు. అక్కడ ఒక దుకాణంలో దీనార్లు ఇస్తుంది. దుకాణం ఆయన ఒక ఫోను చేస్తాడు. మర్నాటికల్లా ఇక్కడ ఊళ్ళో ఎవరో స్కూటరుమీద వచ్చి గుమ్మంలో రూపాయలు లెక్కపెట్టి ఇచ్చిపోతాడు. ఫారం లేదు, క్యూ లేదు. పైగా బ్యాంకుకంటే దీనారుకి ఒకటో రెండో రూపాయలు ఎక్కువ. దీనారు సముద్రం దాటనే లేదని, అక్కడిది అక్కడే, ఇక్కడిది ఇక్కడే చేతులు మారిందని ఆవిడకి తెలియదు.

ఆవిడ భర్త పోయాక చిక్కు వచ్చింది. ఆవిడ డబ్బుతో కట్టిన ఇల్లు అత్తగారి పేరున ఉంది. "ఇల్లు మా అన్న కష్టపడి కట్టుకున్నాడు, నువ్వేం పంపావో చూపించు" అన్నాడు మరిది. పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్ళు కూడా అదే అడిగారు, కాగితం ఏదమ్మా అని. ఆఖరి మూడేళ్ళు మాత్రం ఎవరో తోటి పనిమనిషి చెప్పిన మీదట ఎక్స్‌ఛేంజి కంపెనీ ద్వారా బ్యాంకు ఖాతాకి పంపింది. ఆ రసీదులన్నీ ఒక హార్లిక్స్ సీసాలో చుట్టి పెట్టుకుంది. సిరా సగం వెలిసిపోయింది, అయినా బ్యాంకు పుస్తకంలో తేదీలతో సరిపోయాయి. ఆ మూడేళ్ళ సొమ్ముకి తగ్గట్టు ఆవిడకి వాటా తేల్చారు. మిగతా ఆరేళ్ళ చాకిరీకి సాక్షి లేడు.

దీనారుకి రెండు రూపాయలు ఎక్కువ వచ్చిందని మురిసిపోయే వాళ్ళకి నేను ఈ ఆరేళ్ళ లెక్క చెబుతూ ఉంటాను.

ఇప్పుడు ఇంకో ప్రమాదం వచ్చిపడింది. హుండీవాళ్ళు నోట్లు మోసుకురావటం తగ్గించి, ఎవరెవరివో ఖాతాల్లోంచి మన ఖాతాలో వేస్తున్నారు. అది ఏ మోసపోయిన ముసలాయన డబ్బో అయితే, సైబరు పోలీసులు ఆ డబ్బు ఎన్ని ఖాతాలు తిరిగిందో వెతుక్కుంటూ వచ్చి మన ఖాతా ఆపేస్తారు. అప్పుడు పిల్లల ఫీజుకి కూడా డబ్బు తీసుకోలేం.

మీ ఇంట్లోంచో, మీ పనిమనిషి ఇంట్లోంచో ఎవరైనా గల్ఫుకి వెళుతుంటే బయల్దేరేముందే ఆవిడ పేరున ఎన్.ఆర్.ఇ. ఖాతా సంగతి బ్యాంకులో అడగమని చెప్పండి. విదేశంలో ఉన్నంతకాలం దాని వడ్డీమీద ఇక్కడ పన్ను లేదు. ఇక్కడున్న దగ్గర బంధువు పేరు రెండోదిగా కలపవచ్చు గానీ, ఆవిడ బతికుండగా డబ్బు ఆవిడదే. ఇంటి ఖర్చుకి కావలసింది భర్త ఖాతాకి, మిగిలింది తన ఖాతాలోకి. ఇలా చెబితే కాపురాల్లో చిచ్చు పెడుతున్నానని ఒకాయన నన్ను కోప్పడ్డారు. పెడితే పెట్టాననే అనుకోండి. ఆవిడ తిరిగొచ్చి ఇక్కడే ఉండిపోతే మాత్రం ఆ మాట బ్యాంకుకి చెప్పి ఖాతా మామూలుదిగా మార్పించుకోవాలి, అప్పట్నించి వడ్డీకి పన్ను వర్తిస్తుంది.

డబ్బు ఏ ఊళ్ళో ఉందన్నది కూడా చిన్న విషయం కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు మనవాళ్ళు లక్షన్నరకి పైగా కట్టుబట్టలతో విమానాలెక్కి వచ్చారు. జీతం నోట్లు పరుపుకింద దాచుకుని తెచ్చుకున్నవాళ్ళకి ఆ నోట్లు మార్చుకోవటం కష్టమైంది. విముక్తి తర్వాత 1991లో కువైట్ ప్రభుత్వం కొత్త నోట్లు వేసి పాతవి రద్దు చేసింది. నెలనెలా ఇంటికి పంపుకున్నవాళ్ళకి మాత్రం పంపింది మిగిలింది.

ఇందాక ఒక మాట సగంలో వదిలాను. హుండీవాడు గుమ్మంలో లెక్కపెట్టి ఇచ్చే రూపాయలు ఎక్కడివి? ఆకాశంలోంచి ఊడిపడవు కదా. ఇక్కడ కాగితంమీద చూపించలేని నోట్లు ఎవరి దగ్గరో ఉండి, వాళ్ళకి అవతల డాలర్లో దీనార్లో కావాలి. అలాంటివాళ్ళ నోట్లే అవి. ఆ "వాళ్ళు" ఎవరో దొంగలనుకోకండి. మనలాంటి ఇల్లాళ్ళు కూడా అందులోకి ఎలా జారతారో చెబుతాను.

నాకు బాగా కావలసిన ఒకావిడ, భర్త పోయి కుటుంబ పెన్షను మీద బతుకుతోంది. పొదలకూరు రోడ్డు వైపు ఎప్పుడో కొన్న స్థలం, ఇన్ని అంకణాలని, ఆవిడ పేరునే ఉంది. అబ్బాయి అమెరికాలో ఇల్లు కొంటున్నాడు, 50 లక్షలు సర్దగలవా అమ్మా అన్నాడు. స్థలం 90 లక్షలకి బేరం కుదిరింది. కొనేవాళ్ళు ఏమన్నారంటే, "రిజిస్ట్రేషను 40కి చేద్దామమ్మా, తక్కిన 50 రొక్కం ఇచ్చేస్తాం. మీకూ పన్ను తగ్గుతుంది, మాకూ స్టాంపు ఖర్చు తగ్గుతుంది." మన ఊళ్ళో ఇది ఎంత మామూలంటే, కాదన్నవాళ్ళనే వింతగా చూస్తారు. సరే, ఆ రొక్కం అబ్బాయికి ఎలా పంపాలి? దానికీ మధ్యవర్తి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ఇక్కడ నోట్లు నాకివ్వండి, అక్కడ మీవాడికి డాలర్లు అందుతాయి."

చూశారా? ఆవిడ నోట్లు వెళ్ళి ఏ కువైట్ ఇల్లాలి గుమ్మంలోనో వాలతాయి. ఆ ఇల్లాలి దీనార్లు ఎక్కడెక్కడో తిరిగి ఈవిడ కొడుక్కి డాలర్లవుతాయి. చేతిలో కాగితం ఇద్దరికీ లేదు. మధ్యన కమీషను తిన్నవాడికి మాత్రం నష్టం లేదు.

ఇందులో ఎన్ని చట్టాలు అడ్డుపడతాయో చూడండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన రొక్కంగా తీసుకోకూడదని 2015 జూన్ నుంచి నిబంధన. ఏ వ్యవహారంలోనైనా సరే 2 లక్షలు, ఆపైన రొక్కం తీసుకోకూడదని 2017 ఏప్రిల్ నుంచి ఇంకో నిబంధన. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంత జరిమానా, అదీ తీసుకున్నవాళ్ళకి, అంటే మనకి. ఇక దేశం దాటించే సంగతి: పూర్వం 1973 నాటి ఫెరా చట్టం కింద ఇది క్రిమినల్ నేరం. 2000 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన ఫెమా దాన్ని సివిల్ తప్పుగా మార్చింది గానీ, పంపిన సొమ్ముకి మూడు రెట్ల దాకా జరిమానా వెయ్యవచ్చు. అబ్బాయి వైపు చూస్తే, ఇల్లు కొనేందుకు అప్పిచ్చే బ్యాంకు "ఈ డాలర్లు ఎక్కణ్ణించి వచ్చాయి, ఇచ్చినవాళ్ళు రాసిన ఉత్తరం ఏది" అని అడుగుతుంది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు వేసిన డబ్బుకి అతను ఏం ఉత్తరం చూపిస్తాడు?

ఆవిడ ధైర్యం చేసింది. మొత్తం కాగితంమీదే అంది. మన రాష్ట్రంలో స్టాంపూ రిజిస్ట్రేషనూ కలిపి నూటికి ఏడున్నర కదా, 50 లక్షలు అదనంగా చూపిస్తే తమకి మూడుముప్పావు లక్షలు ఎక్కువవుతుందని కొనేవాళ్ళు గునిశారు. నాలుగు లక్షలు నేను తగ్గించుకుంటానంది ఈవిడ. 86 లక్షలకి తెగింది.

ఇప్పుడు లెక్క. 2001 ఏప్రిల్ ముందు కొన్నది కనక ఆ రోజు విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు, అది 6 లక్షలని తేలింది. లాభం 80 లక్షలు. నూటికి పన్నెండున్నర చొప్పున, సర్‌చార్జీ, సెస్సూ కలిపి పన్ను 11 లక్షల దాకా. ఆవిడ గుండెమీద చెయ్యివేసుకుంది. తరవాత కొడుక్కి 50 లక్షలు పంపబోతే బ్యాంకువాళ్ళు ఇంకో 8 లక్షలు కట్టమన్నారు. మనదేశంలో ఉన్న ఎవరైనా ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. రిజర్వు బ్యాంకు 2004లో 25 వేల డాలర్లతో మొదలుపెట్టిన పథకం అది, 2015లో ఇంతకి పెరిగింది. కానీ 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద, ఇలా బహుమతిగా పంపేదైతే, నూటికి 20 చొప్పున పంపేచోటే వసూలు చేస్తారు. 40 లక్షలమీద 20 వంతు అంటే 8 లక్షలు. చదువుకీ వైద్యానికీ అయితే రేటు బాగా తక్కువ. బ్యాంకులో విద్యారుణం తీసుకుని పంపే ఫీజుమీద అసలే లేదు.

"పదకొండూ ఎనిమిదీ పందొమ్మిదా? అయిపోయాను" అని ఆవిడ ఫోనులో ఏడ్చినంత పని చేసింది. ఇక్కడే మనవాళ్ళు పొరపడి హుండీవైపు పరుగెత్తుతారు. ఆ 8 లక్షలు కొత్త పన్ను కాదు, ముందుగా కట్టించుకున్న పన్ను. మన పాన్ నంబరుమీద జమ అవుతుంది. స్థలం అమ్మిందీ డబ్బు పంపిందీ ఒకే ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ నుంచి మార్చి లోపల, అయితే ఆ 8 లక్షలు స్థలం పన్నులోనే చెల్లు. కొన్నవాళ్ళు నూటికి ఒకటి చొప్పున పట్టుకుని కట్టిన 86 వేలు కూడా చెల్లు. ఆవిడ చేతినించి ఇంకా కట్టవలసింది రెండు లక్షల చిల్లర. స్థలం మార్చిలో అమ్మి, డబ్బు ఏప్రిల్లో పంపి ఉంటే మాత్రం, ఈ ఏడు 10 లక్షలపైన కట్టి, ఆ 8 లక్షలు మరుసటేడు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఒక్క నెల తేడా అంత పని చేస్తుంది. నాకు పన్ను పడేంత ఆదాయమే లేదు కదా అని రిటర్ను వెయ్యకుండా ఊరుకున్న పెద్దావిడ సొమ్ము సర్కారు దగ్గరే ఉండిపోతుంది.

పొలమైతే దారి వేరు. పట్టణానికి దూరంగా ఉన్న సాగుభూమి అమ్మకంమీద ఈ లాభం పన్ను లేదు. నెల్లూరంత ఊరికైతే నగర హద్దునుంచి ఆరు కిలోమీటర్లు దాటాలి. స్థలం అప్పటికే కొడుకు పేరుకి వారసత్వంగా మారి, అతను అక్కడే ఉంటున్నాడంటే ఇంకా వేరు. కొన్నవాళ్ళు నూటికి ఒకటి కాదు, పన్నెండున్నరా ఆపైన పట్టుకోవాలి. ఆ తెలియక ఒకటే పట్టి తరవాత నోటీసులందుకున్నవాళ్ళు ఉన్నారు. డబ్బు అతని ఎన్.ఆర్.ఓ. ఖాతాలో పడుతుంది, అందులోంచి ఏడాదికి పదిలక్షల డాలర్ల దాకా తీసుకుపోవచ్చు. అందుకు చాలాకాలంగా 15సిఏ, 15సిబి అనే పేర్లతో బ్యాంకుల్లో అందరికీ తెలిసిన కాగితాలు ఉంటాయి, రెండోది చార్టర్డ్ ఎకౌంటెంటు సంతకం. ఆయన ఫీజు దగ్గర పొదుపు చెయ్యకండి.

అమెరికాలో పుచ్చుకున్న కొడుక్కి ఆ బహుమతిమీద పన్ను లేదు. ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే మాత్రం 3520 అనే ఫారంలో తెలియజెయ్యాలి. అమ్మా నాన్నా విడివిడిగా పంపినా కలిపే లెక్క. పన్ను లేదు కదా అని ఫారం మానేస్తే నెలకి నూటికి 5 చొప్పున, 25 దాకా జరిమానా వెయ్యవచ్చు. పన్ను లేనిచోట జరిమానా ఏమిటండీ అంటే, చెప్పటం ఒకటి, కట్టడం ఒకటి. మన బ్యాంకులు కూడా 5 లక్షలు దాటి సరిహద్దు దాటే ప్రతి బదిలీ సంగతీ ప్రభుత్వానికి రాసి పంపుతాయి. రాశారంటే తప్పు పట్టారని కాదు.

ఇక ఆఖరుది, ఇందులో మనం తెలియకుండా పిల్లల్ని ఇరికించేది. మనం ఫిక్సెడ్ డిపాజిట్టు వేసేటప్పుడు "వాడి పేరు కూడా ఉంటుందిలే, రేపు నాకేమైనా అయితే వాడు తిరగక్కర్లేదు" అని అమెరికాలో ఉన్న కొడుకు పేరు జాయింటుగా రాయిస్తాం. ప్రేమతోనే. కానీ అక్కడ పన్ను కడుతూ ఉంటున్నవాళ్ళు, గ్రీన్‌కార్డు ఉన్నా లేకపోయినా, అమెరికా బయట తమ పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలన్నీ అక్కడి ప్రభుత్వానికి పంపాలి. మన డిపాజిట్టు, మన పెన్షను డబ్బు, మన నగలు తాకట్టు విడిపించగా మిగిలింది, అన్నీ అతని లెక్కలోకే. తెలియక మానేసినా ఒక్కో ఏడాదికి 10 వేల డాలర్ల పైన జరిమానాకి చోటుంది. 2023 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు, తెలియక చేసినదైతే ఖాతాకొకటి చొప్పున వెయ్యకూడదు, ఏడాదికొకటే అని తీర్పు చెప్పింది, అదొక్కటే కాస్త ఊరట. ఎవరికి తెలుస్తుందిలే అనుకోవటానికి లేదు. 2015 జులైలో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి, ఖాతాల వివరాలు మన బ్యాంకుల్లోంచే వెళుతున్నాయి. అబ్బాయి ఎన్.ఆర్.ఇ. వడ్డీమీద ఇక్కడ పన్ను లేకపోయినా అక్కడ ఉంది, ఇదీ చాలామందికి తెలియదు.

మన తరవాత అతనికి చేరాలన్నదే మన కోరికైతే జాయింటు పేరు అక్కర్లేదు, నామినీగా రాస్తే చాలు. నామినీ అయినంతమాత్రాన మనం బతికుండగా ఆ డబ్బు అతనిది కాదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలను రాయవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. కనక కొడుకొక్కడి పేరే రాసి, కూతుళ్ళ సంగతి మీవాడు చూసుకుంటాడులే అనుకోవలసిన పని లేదు. కూతురి పేరు రాసేటప్పుడు పుట్టింటి ఇంటిపేరా అత్తింటిదా అని తర్జనభర్జన పడకండి, ఆ పిల్ల పాస్‌పోర్టులో ఏది ఉందో ఫోను చేసి అడిగి, అక్షరం పొల్లుపోకుండా అదే రాయండి.